ఆరు దాటాక మో సుల్గి

సాయంత్రం ఆరు కాగానే మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఊదారంగుకి తిరిగిపోతాయి. తెర మధ్యలో ఒక బొమ్మ వస్తుంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, అందరూ పళ్ళికిలిస్తూ. కింద పెద్ద అక్షరాల్లో "మీ కుటుంబం మీ కోసం ఎదురుచూస్తోంది. దయచేసి ఇంటికి వెళ్ళండి" అని. కుక్క ఎందుకని నన్నడక్కండి, అది మా ఓనర్ గారి ముచ్చట. ఆ తెరని ప్రతి కంప్యూటర్లోనూ ఎక్కించింది మాత్రం నేనే. అందర్నీ ఆరింటికి ఇంటికి పంపే ఆ తెర సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి ఆరు దాటాక కూడా ఆఫీసులో ఉండాల్సింది కూడా నేనే.

నా పేరు తక్ యంగ్‌రన్. ఇంచాన్ పారిశ్రామికవాడలో కుక్కర్లకి రబ్బరు గ్యాస్కెట్లు చేసే కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూస్తాను. చాలా పెద్ద ఉద్యోగం. ఎవరో ఫోన్ చేసి "తక్ గారూ, నా కంప్యూటర్ బిగుసుకుపోయింది" అంటారు. "ఆపి మళ్ళీ ఆన్ చేశారా?" అంటాను. "చేశామండీ, రెండుసార్లు" అని చక్కగా అబద్ధం చెప్తారు. నేను రెండంతస్తులు ఎక్కివెళ్ళి, ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాను. "అబ్బ, మీ చెయ్యి తగిలితే చాలండీ!" అని ఆశ్చర్యపోతారు. ఇన్నేళ్ళుగా ఇదే చేస్తున్నాను, వాళ్ళ ఆశ్చర్యం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

ఈ ఊదారంగు తెర కథ ఎలా మొదలైందంటే, వారానికి యాభై రెండు గంటలు దాటి ఎవరితోనూ పని చేయించకూడదని చట్టం వచ్చింది. మా ఓనర్ గారు ఏదో మీటింగ్‌కి వెళ్ళి, పక్క కంపెనీ వాళ్ళ గోడ మీద "ఉద్యోగుల కుటుంబాలని ప్రేమించే సంస్థ" అని ప్రభుత్వం ఇచ్చిన యోగ్యతాపత్రం చూసొచ్చారు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. పక్కవాడి గోడ మీద ఉన్నది తన గోడ మీద లేకపోతే ఎలా? తెల్లారేసరికి ఆ సాఫ్ట్‌వేర్ కొనేశారు. ఎవరు ఎన్ని గంటలు కంప్యూటర్ ముందున్నారో అది లెక్కేస్తుంది, టైమైపోగానే ఆపేస్తుంది.

దాన్ని ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అకౌంట్స్‌లో ఒక కంప్యూటర్ గడియారం తప్పు, పొద్దున్న పదకొండింటికే వాళ్ళని ఇంటికెళ్ళమంది. వాళ్ళు పాపం వెళ్ళలేదు. డిజైన్ వాళ్ళ ఫైలు సేవ్ అవుతుండగా ఆరు కొట్టింది, మూడు వారాల గ్యాస్కెట్ బొమ్మ గంగలో కలిసింది. తిట్లన్నీ నాకు. మెచ్చుకోళ్ళు ఓనర్ గారికి. యోగ్యతాపత్రం గోడకి.

సరే, ఎక్కించాను. కంప్యూటర్ని ఆపగలిగే సాఫ్ట్‌వేర్ దొరికింది కానీ, మనిషిని కుర్చీలోంచి లేపే సాఫ్ట్‌వేర్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మా దగ్గర మేనేజర్ లేవకుండా కిందివాళ్ళు లేవరు. ప్లానింగ్ విభాగం మేనేజర్ ప్యో గారు లేవరు, ఎందుకంటే ఓనర్ గారి కారు ఇంకా కిందే ఉంది. ఓనర్ గారు ఎందుకు వెళ్ళరయ్యా అంటే, "నా పిల్లలంతా ఇంకా పని చేస్తుంటే నేనెలా వెళ్ళను?" అని సోఫాలో కునుకు తీస్తూ ఉంటారు. అలా ఒకళ్ళ కోసం ఒకళ్ళు, ఎంత ప్రేమో. ఊదారంగు తెరల ముందు కూర్చుని కీబోర్డులు తుడుచుకుంటారు, పెన్నులు రంగుల వారీగా సర్దుకుంటారు, గోళ్ళు కత్తిరించుకుంటారు. మా ఆఫీసంత శుభ్రమైన గోళ్ళు ఇంచాన్ మొత్తంలో ఉండవు.

ప్యో గారికి ఇది నచ్చలేదు. మనుషులు ఉట్టినే కూర్చుంటే ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది.

"ఏమ్మా తక్, మా విభాగానికి ఆ తెర తీసెయ్."

"తీసేస్తానండీ. ఓనర్ గారి సంతకం తీసుకురండి."

"సంతకం ఎందుకు, మనలో మనకి?"

"సంతకం పెట్టిన ప్రతిసారీ లెక్క కార్మిక శాఖకి వెళ్తుందండీ. అందుకే ఆయన పెట్టరు."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ గొణుగుడు గురించి ఇక్కడే చెప్పేస్తాను. ప్యో జంగ్‌తె గారు రెండు వేళ్ళతో టైపు చేస్తారు, చేసేదంతా పైకి చదువుతూ చేస్తారు. ఉత్తరమైనా, లెక్కలైనా, పాస్‌వర్డైనా సరే. ఆయన బ్యాంకు పాస్‌వర్డు మా అంతస్తులో టీ కలిపే ఆవిడకి కూడా తెలుసు. ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది.

ఆ విభాగంలోనే మో సుల్గి అనే అమ్మాయి ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల. కంప్యూటర్ చెడిపోతే "అక్కా, ఖాళీగా ఉన్నప్పుడే రా, తొందరేం లేదు" అని ఫోన్ చేసి, నేను వెళ్ళేసరికి ఒక నారింజ పండు ఒలిచి పెట్టి ఉంచేది. ఆఫీసంతటికీ నిజంగా ఆపి మళ్ళీ ఆన్ చేసి అప్పుడే నాకు ఫోన్ చేసే మనిషి ఆవిడొక్కతే. పోయిన చలికాలంలో కడుపుతో ఉన్నప్పుడు స్టేషన్ దగ్గర బండి మీద కాల్చిన చెస్ట్‌నట్ గింజలు తప్ప ఇంకేం సయించేవి కావు. అందుకని కడుపులో బిడ్డకి బమ్‌తోల్ అని ముద్దుపేరు పెట్టుకుంది, చెస్ట్‌నట్ గింజ అని. మావాళ్ళంతా పెట్టుకుంటారు అలా. పుట్టాక అసలు పేరొస్తుంది, ఈ పేరు ఇంట్లోవాళ్ళ నోళ్ళలోనే ఉండిపోతుంది. ఆఫీసులో నాకొక్కదానికే చెప్పింది, అదీ చెవిలో. "నవ్వకక్కా. మా ఆయన పొట్టకి చెవి ఆనించి పిలుస్తాడు, గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుందట."

జనవరిలో సెలవు మీద వెళ్ళింది. ప్రసవానికి, ఆ తర్వాత ఏడాది పాటు బిడ్డని చూసుకోడానికి. ఆ ఏడాదీ ప్రభుత్వం ఇచ్చే భత్యంతోనే ఇల్లు నడవాలి. మొగుడు ఓడరేవులో రాత్రి డ్యూటీ, చూసుకోడానికి పెద్దవాళ్ళెవరూ దగ్గర లేరు. ఆ సెలవు ఆ అమ్మాయికి ప్రాణం.

మనిషి సెలవు మీద వెళ్తే లాగిన్ మూసేయాలి. మూయాలంటే ఆ విభాగం మేనేజర్ ముద్ర వేయాలి, మా దగ్గర ముఖ్యమైన కాగితాల మీద ఎవరి పేరు చెక్కిన ముద్ర వాళ్ళు వేస్తారు. నేను ప్యో గారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను.

"అంత తొందరేంటమ్మా? ఆ పిల్ల రేపో మాపో వచ్చేస్తుందిగా."

"ఏడాది తర్వాతండీ."

"ఏడాదెంత, ఇట్టే అయిపోతుంది."

సిబ్బంది వ్యవహారాలు చూసే ఓక్ మేడమ్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఇంకా నయం. "సెలవంటే మానేయడం కాదుగా తక్ గారూ. ముద్ర లేకుండా మనమెలా మూస్తాం? రేపు ఏదైనా జరిగితే?" అంది. ఏదైనా జరుగుతుందనే కదా తల్లీ మూయమంటున్నాను అని మనసులో అనుకుని వచ్చేశాను.

మార్చిలో ఒక సాయంత్రం, ఆరు దాటాక, నా తెర మీద ఒక విన్నపం వచ్చింది. "మో సుల్గి: కంప్యూటర్ చాలా నెమ్మదిగా ఉంది." నేను నా సీట్లోంచే ఆ కంప్యూటర్లోకి వెళ్ళి చూశాను. వాల్‌పేపర్ మీద ఒక పే...ద్ద చేప. ఎవరిదో మగచెయ్యి దాన్ని మొప్పల దగ్గర పట్టుకునుంది. చుట్టూ ఫైళ్ళు: "కొండలెక్కే క్లబ్బు", "మందు పార్టీ, ఎవరూ తెరవద్దు", "కొత్త ఫోల్డర్", "ఇదే ఫైనల్", "ఇదే అసలు ఫైనల్", "ఫైనల్, ఒట్టు". బాలింతకి చేపల వేట మీద మనసు పోయిందేమో, ఎవరి ఇష్టం వాళ్ళది అనుకున్నాను. ఇంటి దగ్గర్నుంచి ఏదో అర్జెంటు పని చూస్తోంది కాబోలు పాపం అని కూడా అనుకున్నాను.

"సుల్గీ, నువ్వేనా? బిడ్డ ఎలా ఉంది?" అని టైపు చేశాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత జవాబొచ్చింది. "పాప బాగుంది. పాలు తాగుతోంది. తొందరగా బాగుచెయ్యి."

ఆడపిల్ల! నాకెంత సంతోషం వేసిందో. "తొందరగా బాగుచెయ్యి" అన్నందుక్కూడా కోపం రాలేదు. తల్లయ్యాక నోరొచ్చింది పిల్లకి, మంచిదే అనుకున్నాను. ఆ ఆదివారం బజారుకెళ్ళి గులాబీరంగు మేజోళ్ళు కొన్నాను, బొటనవేలంత ఉన్నాయి.

మే నెలలో బిడ్డకి నూరు రోజులు నిండాయి. నూరు రోజుల తెల్లబియ్యం రొట్టె ఎంతమందికి పంచితే బిడ్డ అంత కాలం బతుకుతుందని మా నమ్మకం. సుల్గి బిడ్డని గుండెకి కట్టుకుని, రెండు చేతుల్లో పెట్టెలు మోసుకుంటూ మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చింది. కళ్ళ కింద నల్లగా, జుట్టు ఎలాగో ముడేసుకుని, మొహం మాత్రం వెలిగిపోతూ. అందరూ మూగారు. నేను మేజోళ్ళు తీసి ఇచ్చాను.

"అక్కా! ఎంత బాగున్నాయో... కానీ వీడు మగాడక్కా. సన్‌హో."

"మగాడా? నువ్వేగా పాప అన్నావు?"

"నేనా? ఎప్పుడు?"

"మార్చిలో. కంప్యూటర్లో. పాలు తాగుతోంది అన్నావు."

సుల్గి నవ్వింది. "కంప్యూటరా? అక్కా, నేను అద్దంలో నా మొహం చూసుకుని నెలలైంది."

నా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా ప్యో గారు బుగ్గలు ఉబ్బేలా రొట్టె నములుతూ "మగపిల్లాడే! సింహంలా ఉన్నాడు, సింహంలా!" అంటున్నారు. నా కళ్ళలోకి మాత్రం చూడట్లేదు. తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి ఇంకో ముక్క నోట్లో కుక్కుకున్నారు. వెనక వాళ్ళ విభాగం మొత్తం నేలకేసి చూస్తూ నములుతోంది. నీ బిడ్డ నూరేళ్ళు బతకాలి అని దీవిస్తూనే.

నా గదికెళ్ళి చూశాను. ప్రతి సాయంత్రం ఆరు దాటగానే మో సుల్గి ఏడు కంప్యూటర్లలో ఒకేసారి కూర్చుంటోంది. ఒక చోట టెండరు రాస్తోంది, ఒక చోట లెక్కలు వేస్తోంది, ఒక చోట చేపల బొమ్మలు చూస్తోంది. ఆ పేరుతో ఏ కంప్యూటర్ తెరిచినా వెనక అదే చేప. ఏప్రిల్ నెలలో మొత్తం ఎన్ని గంటలున్నాయో అంతకంటే ఎక్కువ గంటలు పని చేసింది. ఆపాలా వద్దా అని సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్ గంటలే చూస్తుంది, అందుకని ఎక్కడా ఆపలేదు. పైగా ఆ మొత్తం చూసి మురిసిపోయి, లిఫ్టు పక్కన తెర మీద "ఈ నెల ఆదర్శ ఉద్యోగి: మో సుల్గి" అని తనంతట తనే వేసేసింది. ఆ తెర ముందు నిలబడి రోజూ ఇంతమంది లిఫ్టు కోసం ఎదురుచూస్తారు, ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. నేనూ రోజూ అక్కడే నిలబడతాను లెండి. నేను లిఫ్టు రాలేదని తిట్టుకోవడంలో ఉంటాను.

ఒళ్ళు మండిపోయి ప్యో గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏంటండీ ఇది? పాస్‌వర్డు ఎక్కడిది మీకు?"

"వెళ్ళేటప్పుడు అన్నీ అప్పజెప్పి వెళ్ళింది. బీరువా తాళాలు, ఫైళ్ళు, అదీ. నేనే అడిగాను. అవసరమొస్తే పచ్చి బాలింతని ఫోన్ చేసి లేపమంటావా?"

"అవసరమా? రోజూ ఏడుగురా?"

"గట్టిగా అరవకమ్మా. మనమంతా ఒక కుటుంబం. ఆ పిల్ల గంటలు ఊరికే పాడైపోతున్నాయి. అన్నం మిగిలితే పారేసుకుంటామా? ఎవరో ఒకరు తింటాం."

"పాప పాలు తాగుతోంది అన్నది ఎవరండీ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏదో ఒకటి చెప్పాలి కదా. నువ్వే అడిగావు."

ఓక్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఇప్పుడు కాదు! యోగ్యతాపత్రం మళ్ళీ ఇచ్చే ముందు తనిఖీ ఉంది. అది అయ్యాక చూద్దాం. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు." అని, మా కంపెనీలో ఎవరూ ఎక్కువ గంటలు పని చేయట్లేదని రుజువుగా, ప్రతి ఒక్కరి కంప్యూటర్ గంటల లెక్క మొత్తం కట్టగట్టి కార్మిక శాఖకి పంపింది. విప్పి ఒక్కసారైనా చూడకుండా. నమ్మకం అంటే అదీ.

వాళ్ళు విప్పి చూశారు.

జూన్‌లో సుల్గి నాకు ఫోన్ చేసింది. వెనక బిడ్డ ఏడుపు. "అక్కా, నేను సెలవులో ఉంటూ పని చేశానంట. భత్యం మోసం చేసి తీసుకున్నానంట. తీసుకున్నదంతా తిరిగి కట్టి, జరిమానా కట్టి, సెలవు కూడా రద్దంట. నేనేం చేశానక్కా? నేను వీడి గుడ్డలు ఉతకడం తప్ప ఏం చేశాను?"

జరిగిందంతా చెప్పాను. "సెలవు పోతే వీణ్ణి ఎవరి దగ్గర పడుకోబెట్టను అక్కా?" అంది. తప్పు చేసినవాళ్ళని ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల అంతే.

మా పెద్దలు కూర్చుని దీనికి చక్కటి పరిష్కారం కనిపెట్టారు. ఓనర్ గారు, ప్యో గారు, ఓక్ మేడమ్ ముగ్గురూ సుల్గిని పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "నా ఇష్టంతోనే ఇంటి నుంచి కాస్త పని చేశాను" అని ఒక కాగితం మీద ముద్ర వేసేస్తే చాలట. కట్టాల్సింది కంపెనీ చూసుకుంటుందట. సోమవారం నుంచి పనిలోకి వచ్చేయాలట. అయిపోయింది! యోగ్యతాపత్రం గోడ మీదే ఉంటుంది, ప్యో గారు కుర్చీలోనే ఉంటారు, నాలుగు నెలల బిడ్డ మాత్రం ఎవరింట్లోనో ఉంటాడు. "కాదంటే తోటివాళ్ళ మీదికి కేసు వస్తుంది. వాళ్ళకీ పిల్లలున్నారు కదమ్మా" అన్నారట ప్యో గారు. పిల్లల మీద ఎంత జాలో ఆయనకి.

"సరేనన్నానక్కా. ఇంకేం చేయను?" అంది సుల్గి.

తనిఖీకి రెండ్రోజుల ముందు ప్యో గారు నా గదిలోకి వచ్చి తలుపేశారు. "తక్, ఆ గంటల లెక్కలున్న డిస్కు... అవి అప్పుడప్పుడూ పాడవుతుంటాయిగా?"

"పాడవుతాయండీ. కానీ మనం అడిగినప్పుడు పాడవవు."

కార్మిక శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ సొక్ గారని ఒకావిడ వచ్చింది. పొట్టిగా, నిదానంగా, అన్నిటికీ తలూపుతూ. అద్దాల మీటింగ్ గదిలో ఓనర్ గారు, ఓక్ మేడమ్, ఒక పక్కగా బిడ్డని గుండెకి కట్టుకున్న సుల్గి. బిడ్డ నిద్రపోతున్నాడు. సుల్గి ముందు టైపు చేసి పెట్టిన కాగితం, ముద్ర డబ్బీ. ప్రొజెక్టర్ మొరాయిస్తే ఆపి మళ్ళీ ఆన్ చేయడానికి మూలన నేను. తన కంప్యూటర్ గోడ మీద తెరకి తగిలించుకుని ప్యో గారు.

ఆయన ఉపన్యాసం పేరు "కుటుంబమే మా గ్యాస్కెట్". ఒత్తిడి బయటికి పోకుండా ఆపేది గ్యాస్కెట్ కదా, అలాగన్నమాట. నవ్వే పిల్లల బొమ్మలు, పూలతోటలు, మళ్ళీ నవ్వే పిల్లలు. ఇన్‌స్పెక్టర్ గారు తలూపుతూనే ఉంది. బయట అద్దంలోంచి ప్లానింగ్ విభాగం కనబడుతోంది, మేనేజర్ గారు లేవలేదు కాబట్టి అందరూ సీట్లలోనే ఉన్నారు. "ఇక మా సంస్థలో సమయానికి ఇంటికి వెళ్ళే సంప్రదాయం గురించి..." అని ప్యో గారు గొంతు సవరించుకునేసరికి గోడంతా ఊదారంగు అయిపోయింది. కుక్క మనిషంత ఎత్తున పళ్ళికిలించింది.

ఓనర్ గారు నా వైపు చూశారు. "ఏమ్మా, తీసెయ్ దాన్ని."

"మీ సంతకం కావాలండీ. లెక్క కార్మిక శాఖకి వెళ్తుంది," అని ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూపించాను. "ఆవిడ ఇక్కడే ఉన్నారు కాబట్టి చేతికే ఇచ్చేయొచ్చు."

ఓనర్ గారి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వింది. "పర్లేదండీ, ఆరైంది, నేనూ ఇంటికెళ్ళాలి. ఆ అమ్మాయి కాగితం ఒక్కటీ ఇప్పించండి చాలు."

సుల్గి ముద్ర డబ్బీ మూత తీసింది. అంతే, ఇంకో క్షణంలో అయిపోతుంది.

అక్కడితో వదిలేసుంటే ప్యో గారు గట్టెక్కేవారు. కానీ చివరి స్లైడు మిగిలిపోయింది. చివరి స్లైడు మీద ఓనర్ గారి ఫోటో ఉంది, కింద ఓనర్ గారి సూక్తి ఉంది. ఓనర్ గారు ఎదురుగా కూర్చుని ఉండగా ఓనర్ గారి ఫోటో చూపించకుండా ఆపేయడం ప్యో గారి ఒంట్లోనే లేదు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం! అసలైనదే మిగిలిపోయిందండీ," అంటూ ఆయన కీబోర్డు మీదికి వంగారు. రోజూ చేసే పనే. చేతులు వాటంతట అవే పోయాయి, వాటితో పాటు నోరూ పోయింది. రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గొణిగారు. "బమ్... తోల్... సున్నా... రెండు..."

సుల్గి తలెత్తింది. ముద్ర పట్టుకున్న చెయ్యి కాగితం మీద గాల్లో ఆగిపోయింది.

గోడ మీద కుక్క మాయమైంది. దాని స్థానంలో, ఇంత పెద్ద అక్షరాల్లో: "స్వాగతం, మో సుల్గి గారూ. ఈ వారం మీకు పని సమయం ఇంకా మిగిలి ఉంది." తర్వాత చేప వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ గారు మెల్లగా లేచి అద్దం దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. బయట వాళ్ళకి లోపల సంగతి తెలీదు పాపం. తెర ఊదారంగు అయింది, మేనేజర్ గారు లేవలేదు, ఇంకేం చేస్తారు? ఒకరి తర్వాత ఒకరు తలలు వంచి టైపు చేస్తున్నారు. ఒక్కో తెరా వెలుగుతోంది. స్వాగతం, మో సుల్గి గారూ. స్వాగతం, మో సుల్గి గారూ.

"మో సుల్గి గారంటే ఎవరు?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ గారు.

"నేనేనండీ."

"మీరిప్పుడు పని చేస్తున్నారా?"

"అది కాదండీ మేడమ్, అంటే సాంకేతికంగా..." అని ప్యో గారు మొదలెట్టారు.

"మేనేజర్ గారూ." సుల్గి గొంతు అంత గట్టిగా లేవడం నేనెప్పుడూ వినలేదు. "ఆ పేరు మీ నోట్లో ఎందుకండీ? అది నా బిడ్డ పేరు. కడుపులో ఉండగా పెట్టుకున్న పేరు. మా ఆయన కూడా గట్టిగా పిలిచేవాడు కాదు. తాళం మీకిచ్చాను కానీ, రోజూ సాయంత్రం మీరంతా కూర్చుని నా బిడ్డని పిలవమని ఇవ్వలేదు. వాడు పాపో బాబో కూడా తెలీదు మీకు!"

బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు. సుల్గి ముద్ర డబ్బీ మూత పెట్టి సంచీలో వేసుకుంది. వాడి వీపు నిమురుతూ, "లేదండీ, నేను పని చేయట్లేదు. ఒక్క రోజు కూడా చేయలేదు," అంది ఇన్‌స్పెక్టర్ గారితో. ఆ మాట చెప్తూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు.

"కంప్యూటర్ల మనిషి మీరేనా?" ఇన్‌స్పెక్టర్ గారు నా వైపు తిరిగింది. "లెక్కలున్నాయా?"

"ఒక్క సెకను కూడా పోకుండా ఉన్నాయండీ. డిస్కు ఇంకా పాడవలేదు."

ఇన్ని నెలలు ముద్ర లేదని మూయని లాగిన్‌ని ఆ గదిలోనే, నా ల్యాప్‌టాప్ మీద, ఎవరి ముద్రా లేకుండా మూశాను. "ఈ ఉద్యోగి ప్రస్తుతం పని చేస్తున్నారు. నిజంగా ఆపమంటారా?" అని అడిగింది. ఆపమన్నాను. అద్దం అవతల తెరలన్నీ ఒక్కసారి ఊదారంగు అయ్యాయి. అందరూ తలలెత్తి మా వైపు చూశారు.

సుల్గి సెలవు నిలిచింది, భత్యం వస్తోంది. గోడ మీద యోగ్యతాపత్రం పోయి మేకు మిగిలింది, దానికి ఓనర్ గారు క్యాలెండర్ తగిలించుకున్నారు. ప్యో గారిని రేవు దగ్గర గోడౌన్‌కి మార్చారు. అక్కడ కంప్యూటర్ లేదు, ఓనర్ గారి కారు కూడా కనబడదు. రోజూ ఆరింటికల్లా లేచి ఇంటికెళ్ళిపోతున్నారట. మా కంపెనీ మొత్తంలో ఆ తెర మాట విన్నది ఆయనొక్కరే, అదీ తెర లేని చోట.

ఇవన్నీ తర్వాత. ఆ సాయంత్రం సుల్గిని ట్యాక్సీ ఎక్కించి నేను పైకి వచ్చేసరికి ప్లానింగ్ విభాగం లిఫ్టు దగ్గర నిలబడి ఉంది, సంచులు పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు. ఆదర్శ ఉద్యోగి తెర వాళ్ళ నెత్తి మీదే వెలుగుతోంది. ఆ చేపని పట్టి తెర మీద పెట్టినాయన కూడా అందులో ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నాకు ఒక్కొక్కణ్ణీ కడిగి ఆరేయాలని ఉంది. నోరు తెరిచాను.

"తక్ గారూ," అన్నాడాయన, నా మొహంలోకి చూడకుండా. "మా అమ్మాయి వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పుడు మేమూ ఒక పేరు పెట్టుకున్నామండీ. ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. నోట్లో బమ్‌తోలే వస్తోంది. మాదేంటో గుర్తు రావట్లేదు."

కడిగేయాల్సిన మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడండి అని కూడా అనబుద్ధి కాలేదు.

"ఇంటికెళ్ళి మీ ఆవిడని అడగండి," అన్నాను.